నీ మనిషి వైపు చూడు

తల ఊపడంలో ఇన్ని రకాలున్నాయని పోయిన ఎండాకాలం దాకా నేనూ గమనించుకోలేదు. పైకీ కిందికీ ఊపితే సరే అని. అడ్డంగా ఊపితే వద్దని. ఇక మనవాళ్లు పక్కకి వాల్చి ఊపే మూడో రకం ఒకటుంది. అది సరేనో, చూద్దామో, పొమ్మనడమో ఊపినవాళ్లకే తెలియదు. శ్రీలతకు పేచీ అంతా ఈ మూడో రకంతోనే. "మేడం, గిది ఏ తల?" అని నిలదీసేది. జవాబు దొరక్క నేను కూడా ఆ మూడో రకంగానే తల ఊపి దొరికిపోయేదాన్ని.

శ్రీలతకు ఇరవై రెండేళ్లు. ఊరు కర్దనూర్. చదవడం, రాయడం అన్నీ వచ్చు, ఇంటర్ కూడా పాసైంది. ఏ కాగితమైనా ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పేస్తుంది. రానిదల్లా మనుషులే. మాట ఒకటీ మనసులో ఉన్నది ఇంకొకటీ అయి ఉండొచ్చన్నది ఆమెకు అంతుపట్టదు. వాకిట్లో ఎవరైనా మర్యాదకు "చాయ్ తాగిపో బిడ్డా" అంటే చాయ్ వచ్చేదాకా అక్కడే కూర్చుంటుంది, వాళ్లింట్లో పాలు లేకపోయినా సరే. ఒక పెళ్లిలో మేనత్తను పట్టుకుని, వియ్యాలవారందరి ముందూ, "అత్తా, నీ పెట్టుడు పండ్లు ఇంట్ల డబ్బల మర్సిపోయి వచ్చినవా?" అని అడిగింది. ఆ మేనత్త ఇప్పటికీ వాళ్లింటి గడప తొక్కదు.

ఇలాంటి పిల్లలకు మనుషుల మధ్య మెలగడం నేర్పడం నా ఉద్యోగం. మా నాన్న బాపిరాజు భీమవరం నుంచి ఇక్కడి ప్లాంటులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేస్తున్నది అంతా పటాన్‌చెరు చుట్టూనే. బడులకు సెలవులిచ్చాక ఆ రెండు నెలలూ ఇంట్లో ఫ్యాను కింద పడుకోవాల్సినదాన్ని, స్కూటీ వేసుకుని రోజూ కర్దనూర్ వెళ్లానంటే కారణం శ్రీలత అన్న చంద్రకాంత్.

"అక్కా, సుల్తాన్‌పూర్ల సిరంజీలు చేసే కంపెనీల ప్యాకింగుకు ఆడపిల్లలను తీసుకుంటున్రు. మా చెల్లె చెయ్యి మస్తు సాఫ్ గదా. జెర ఇంటర్వ్యూకు తయారు చెయ్యరాదే," అన్నాడు ఏప్రిల్ మొదట్లో. అతను కూడా ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. నన్ను ఎప్పుడూ మేడం అనలేదు. అక్కా అనేవాడు. నాకు అన్నదమ్ములు లేరు. ఆ పిలుపుకు నేను పడిపోయానని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పదకొండేళ్ల నా సర్వీసులో ఒక్క పిల్లకు కూడా ఉద్యోగం రాలేదు. శ్రీలత ఐడీ కార్డు మెడలో వేసుకుని బస్సెక్కుతుంటే ఫోటో తీయాలని నాకు మహా కోరికగా ఉండేది.

వాళ్ల వసారాలో చాప మీద మా బడి. ఒక పొడుగాటి నోటుబుక్కు తీసుకున్నాను. ఎడమ పేజీలో బొమ్మ, కుడి పేజీలో నాలుగైదు వాక్యాల కథ. అదీ ఆమె నోటితో ఆమె చెప్పుకుంటున్నట్టుగా. 'ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో వెళ్లిపోను. నాకు విసుగొస్తే, ఇప్పుడే వస్తాను అని చెప్పి వెళ్తాను.' పాఠం బయట చేసి చూపిస్తే పేజీ కింద ఒక ఎర్ర నక్షత్రం. ఆరో పాఠం స్కూటీ మీద వెనక కూర్చోవడం. ఎవరినీ తాకడం ఇష్టపడని పిల్ల, పన్నెండు రోజులు అవస్థపడి, రెండు వేళ్లతో నా భుజం పట్టుకుంది. ఆ రోజు కర్దనూర్ నుంచి రింగు రోడ్డు దాకా వెళ్లి వచ్చాం. నా భుజం మీద ఆ రెండు వేళ్లూ అలాగే ఉన్నాయి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎంత కొట్టుకున్నా రానిది ఒక్క ఆటే. ఫోను చార్జర్ను వాళ్లమ్మ కౌసల్యమ్మ చేత బియ్యం డబ్బాలో పెట్టించేదాన్ని. ఆవిడ బయటికి వెళ్లాక శ్రీలత చూస్తుండగానే నేను దాన్ని తీసి దిండు కింద దాచేదాన్ని. "ఇప్పుడు అమ్మ వచ్చి చార్జర్ ఎక్కడ వెతుకుతుంది?" అని అడిగితే, "దిండు కింద," అనేది ఠక్కున.

"అమ్మ చూడలేదు కదా, శ్రీలతా?"

"సూడకున్నా దిండు కిందనే ఉన్నది గదా మేడం. ఉన్నకాడ వెతకాలె. లేనికాడ వెతుకుతె పాగల్ అంటరు."

కౌసల్యమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "దాని మాట కూడ నిజమే గద మేడం!" ఆవిడంటే నాకు ప్రాణం. నేను వెళ్లగానే చల్ల తెచ్చిచ్చేది. సాయంత్రం ఐదింటికి కూతుర్ని తీసుకుని వాళ్ల పొలానికి, బావికాడి చెలకకు వెళ్లేది. బోరు మోటరు ఆన్ చేసి, ఆ స్టార్టర్ డబ్బా పక్కన బండ మీద శ్రీలత అరగంట కూర్చునేది. పగలంతా మనుషుల మాటలతో అలిసిపోయిన ముఖం ఆ మోటరు చప్పుడు వినగానే తేటపడేది. ఒకరోజు నేను కూడా వెంట వెళ్లాను.

"మా ఆయన పోయి మూడేండ్లాయె," అంది కౌసల్యమ్మ గట్టు మీద కూర్చుని. "గీ చెలక ముగ్గురి పేరు మీదున్నది. నాది, వానిది, దీనిది. ఇప్పుడు దీని చుట్టు పక్కల అంత ప్లాట్లే. ఎంతమంది వచ్చి అడిగినా దీని వాటా మాత్రం కదిలియ్య మేడం. నేను పోయినా దీనికి ఇంత బువ్వ దొరకాలె గదా."

"అవునమ్మా, అది మాత్రం ఎప్పుడూ వదలొద్దు," అన్నాను నేను.

మే నెల మధ్యలో చంద్రకాంత్ షిఫ్టు దిగి నేరుగా వసారాలోకి వచ్చాడు. టోపీ కూడా తీయలేదు.

"అక్కా, ఇంకొక పాఠం చెప్పాలె. ఆఫీసుల ఎట్లుండాలె అని. సార్ ముంగట కూసునుడు, ఫోటో దిగుడు, మిషన్ మీద ఏలుముద్ర ఏసుడు, సంతకం పెట్టుడు. ఆయన ఏమన్న అడిగితే ఇది యాభై సవాళ్లు ఏస్తది. గప్పుడు పనే కాదు."

"ఏమడుగుతారు?"

"మామూలే అక్కా. నీ ఇష్టంతోనే పెడుతున్నవా అని. ఇద్దరు సాక్షులుంటరు. గంతే."

"ఫ్యాక్టరీలో చేరడానికి సాక్షులెందుకు చంద్రకాంత్?"

అతను ఒక్క క్షణం టోపీ తిప్పుకున్నాడు. "పెద్ద కంపెనీ గదా. ఆడపిల్ల. రేపు జబర్దస్తీ చేసిన్రు అనొద్దని రాయించుకుంటరు."

నాకు అది అతకలేదు. అతకలేదని ఆ క్షణంలోనే అనిపించింది. గుమ్మంలో నిలబడ్డ కౌసల్యమ్మ వైపు చూశాను. ఆవిడ చల్ల గ్లాసు నా ముందు పెట్టి, "జర నేర్పున్రి మేడం," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎప్పుడూ నేను తాగేదాకా పక్కనే కూర్చునే మనిషి. అది కూడా చూశాను. చూసి, పెన్ను మూత తీసి పద్నాలుగో పాఠం రాయడం మొదలుపెట్టాను. నా కళ్ల ముందు ఐడీ కార్డు ఆడుతోంది మరి.

'ఇది ఆఫీసు. ఇక్కడ సార్ నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. ప్రశ్న అర్థం కాకపోతే నేను భయపడను. నా మనిషి వైపు చూస్తాను. నా మనిషి తల పైకీ కిందికీ ఊపితే, నా ఇష్టంతోనే సార్, అంటాను. చిన్నగా నవ్వుతాను. సంతకం పెడతాను.'

"నా మనిషి అంటే ఎవరు? పేర్లు రాయిండ్రి," అంది శ్రీలత. ఆమెకు ఏదీ గాలికి వదిలేయకూడదు. పేజీ అంచున మూడు పేర్లు రాశాను. అమ్మ. అన్న. ప్రసన్న మేడం.

పది రోజులు అదే పాఠం. నేను ఆఫీసర్ని, చంద్రకాంత్ ఆమె మనిషి. నవ్వు మాత్రం బాగా కష్టమైంది. పళ్లన్నీ కనిపించేలా నవ్వి అంతలోనే టక్కున ఆపేసేది. అద్దం ముందు నిలబెట్టి నేర్పాను. చివరికి ఎంత చక్కగా నవ్విందంటే, చూసినవాళ్లు ఎవరైనా ఈ పిల్ల మనస్ఫూర్తిగా ఒప్పుకుందనే అనుకుంటారు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

జూన్ మొదటి వారంలో మా అమ్మ వీరలక్ష్మికి జ్వరం వచ్చి నాలుగు రోజులు వెళ్లలేకపోయాను. ఐదో రోజు వెళ్లేసరికి శ్రీలత వసారాలో కొత్త చీర కట్టుకుని కూర్చుని ఉంది. గంజి వదలని ఆకుపచ్చ చీర, జరీ అంచు. నోటుబుక్కు ఒళ్లో తెరిచి పెట్టుకుంది.

"మేడం, పద్నాలుగో పాఠం అయిపోయింది. తప్పు పోలె. నక్షత్రం ఏయిండ్రి."

"ఇంటర్వ్యూ అయిపోయిందా! నాకు చెప్పనే లేదే? సుల్తాన్‌పూర్ వెళ్లారా?"

"సుల్తాన్‌పూర్ కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు. సార్ అడిగిండు, నీ ఇష్టంతోనే పెడుతున్నవా అమ్మా అని. నాకు సమజ్ కాలె. అన్నను సూసిన. అన్న పైకీ కిందికీ ఊపిండు, మూడో తల కాదు. నా ఇష్టంతోనే సార్ అన్న. నవ్విన. సార్ కూడ నవ్విండు. ఫోటో దిగిన."

"ఏ కాగితం మీద పెట్టావమ్మా సంతకం?"

ఆమె గోడ వైపు చూస్తూ, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, మొదలుపెట్టింది. "హక్కు విడుదల పత్రం. నేను, కీర్తిశేషులు మల్లయ్య కుమార్తె శ్రీలత, నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, దిగువ షెడ్యూలులోని వ్యవసాయ భూమిలో నాకు గల యావత్తు హక్కును నా సోదరునికి..." పేజీన్నర అప్పజెప్పింది. హద్దులతో సహా. ఉత్తరాన నర్సింహమ్మ చెలక, దక్షిణాన బండ్ల బాట. అంతా అయ్యాక నా వైపు తిరిగి, ఎర్ర పెన్ను తీసి నా చేతికిచ్చింది.

పాఠం తప్పు లేకుండా చేసింది. నేను నేర్పింది నేర్పినట్టు, నవ్వుతో సహా. నక్షత్రం వేయక ఏం చేయను? వేశాను. ఐదు మూలలూ వంకరపోయాయి. "గిది మంచిగ రాలె మేడం," అంది శ్రీలత.

వంటింట్లోకి వెళ్లాను. కౌసల్యమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు.

"ఎందుకమ్మా?" అన్నాను.

"గట్ల సూడకున్రి మేడం. నేనెన్నాళ్లుంట? నేను పోయినంక దీన్ని సూసేటోడు వాడొక్కడే గదా. భూమి దీని పేరు మీదుంటే ఎవడో ఒకడు లగ్గం జేస్కుంట అని వస్తడు. భూమి గుంజుకొని దీన్ని రోడ్డు మీద ఇడిసిపెడ్తడు. వాని చేతిల ఉంటే ఇంట్ల ఇంత తిని పడుంటది. చీరె పెట్టిన, పసుపు కుంకుమ పెట్టిన. ఊర్లె ఆడపిల్లలందరికి గట్లనే గదా జేస్తరు."

"ఊళ్లో ఆడపిల్లలకి ఏం కాగితమో తెలుసు కదమ్మా. తెలిసి పెడతారో, పెట్టమని పోట్లాడతారో. ఈ పిల్లకు ఒక్క మాట చెప్పి అడగొచ్చు కదా?"

ఆవిడ కొంగుతో ఖాళీ పొయ్యి గట్టు తుడిచింది. "అడిగితే వద్దంటది," అంది. "అది ఒక్కసారి వద్దంటే ఇగ వద్దే. మీకు తెల్వదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. వద్దంటుందని తెలిసే నా చేత సరే అనడం నేర్పించారు. అప్పుడే వాకిట్లో బండి ఆగింది. చంద్రకాంత్ వచ్చి గుమ్మంలో నన్ను చూసి, చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"ఉద్యోగం అన్నావు కదా చంద్రకాంత్?"

"అది కూడ వస్తది. చెప్పి పెట్టిన."

"నన్ను అడ్డం పెట్టుకున్నావు. నన్నెందుకు పెట్టుకున్నావు?"

"మిమ్మల్ని నేనేం అబద్ధం రాయమన్న? ఆఫీసుల ఎట్లుండాలె అని చెప్పమన్న, చెప్పిన్రు. పుస్తకంల మీ రాతనే ఉన్నది గదా మేడం."

మేడం అన్నాడు. రెండు నెలల అక్క వరస ఆ ఒక్క మాటతో తెగిపోయింది. నేను స్కూటీ తీసుకుని ఇంటికి ఎలా వచ్చానో నాకే గుర్తులేదు. ఆ మధ్యాహ్నమే సుల్తాన్‌పూర్ కంపెనీకి ఫోన్ చేశాను. శ్రీలత పేరుతో ఎవరూ దరఖాస్తు పెట్టలేదన్నారు. సంగారెడ్డిలో ఒక వకీలును కలిశాను. కేసు వేయొచ్చు, కానీ వేయాల్సింది ఆ అమ్మాయే అన్నాడు. "కోర్టులో మొదట ఆ నోటుబుక్కే అడుగుతారమ్మా, అది ఎవరు రాశారని మిమ్మల్ని నిలబెడతారు," అని కూడా అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కంది దగ్గర ట్రాఫిక్‌లో ఆగి, హెల్మెట్‌ లోపల బాగా ఏడ్చాను.

మళ్లీ కర్దనూర్ వెళ్లడానికి మొహం చెల్లలేదు. వారం తర్వాత శ్రీలతే ఫోన్ చేసింది. ఆమె ఎవరికైనా తనంతట తాను ఫోన్ చేయడం నాకు తెలిసి అదే మొదటిసారి.

"మేడం, మోటరు లేదు. చెలకల ప్లాట్లకు రాతి కడీలు పాతిన్రు. నేను కూసునే బండ కూడ లేదు. మీరు రాండ్రి."

వెళ్లాను. కౌసల్యమ్మ నన్ను చూసి వాకిట్లోంచి పెరట్లోకి తప్పుకుంది. శ్రీలత చాప మీద కూర్చుని ఉంది. సాయంత్రం ఐదు దాటింది, ఆమె వేళ్లు చాప అంచును పీకుతున్నాయి.

"నేను సరే అన్నందుకే మోటరు తీసిన్రా?"

కాదని చెప్పొచ్చు. ఏదో ఒక బొమ్మ గీసి, నాలుగు వాక్యాలు రాసి, ఆ పిల్లను ఊరుకోబెట్టొచ్చు. నా మాట నమ్మేది కూడా. "అవును శ్రీలతా," అన్నాను. హక్కు విడుదల అంటే ఏమిటో, యావత్తు అంటే ఎంతో, ఆ కాగితంలో ఒక్కో మాట విడమరిచి చెప్పాను. అన్నకు ముందే తెలుసని చెప్పాను. అమ్మకు కూడా తెలుసని చెప్పాను.

ఆమె ఏడవలేదు. లేచి లోపలికి వెళ్లి బియ్యం డబ్బా తెచ్చింది. చార్జర్ తెచ్చింది. మడత పెట్టిన ఆ ఆకుపచ్చ చీర తెచ్చింది. చార్జర్ డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆగి, మూత తీసి, చార్జర్ తీసి చీర మడతలో పెట్టింది.

"నేను డబ్బల ఉన్నదనుకున్న," అంది నెమ్మదిగా. "అన్న తీసి గిండ్ల పెట్టిండు. నేను సూడలె. అందుకే నేను డబ్బలనే వెతుకుత. గంతేనా?"

ఏప్రిల్ నుంచి ఒక్కసారి కూడా రాని ఆట. "అంతేనమ్మా," అన్నాను.

"అమ్మ సూసింది. సెప్పలె."

"అవును."

"మీరు సూసిన్రా?"

ఈ ప్రశ్న వస్తుందని స్కూటీ మీద దారి పొడవునా అనుకుంటూనే వచ్చాను. జవాబు మాత్రం తయారు చేసుకోలేదు. "తీయడం చూడలేదు. కానీ మూత కదిలిన చప్పుడు విన్నాను," అన్నాను.

"విని ఏం చేసిన్రు?"

"పాఠం రాశాను."

శ్రీలత చాలాసేపు నా మొహం కేసి చూసింది. మొహాలు చూడ్డం అంటే ఆమెకు మొదటి నుంచీ పడదు. అది నేర్పడానికి నేను ఎంత తంటాలు పడ్డానో. ఆ రోజు ఆమె చూస్తుంటే నేనే తల దించుకున్నాను. తర్వాత నోటుబుక్కు తీసి, స్కేలు పెట్టి, పద్నాలుగో పాఠం అంచున ఉన్న మూడు పేర్ల మీదా మూడు గీతలు గీసింది. ఒక్కటీ వంకర పోలేదు.

ఉద్యోగం సంగతి నేను వదల్లేదు. నాన్న పాత స్నేహితుడొకాయన ద్వారా సుల్తాన్‌పూర్‌లోనే ఇంకో కంపెనీలో మాట్లాడాను. జూలైలో మొదటి వాన పడ్డ మర్నాడు రమ్మన్నారు. వాళ్లు ముందు పెట్టిన ట్రేలో లోపమున్న సిరంజీలు తొమ్మిదీ శ్రీలత రెండు నిమిషాల్లో ఏరి పక్కన పెట్టింది. మేనేజరు సంతోషపడి కాగితాలు ముందుకు తోశాడు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. మా షరతులన్నీ నీకు ఇష్టమే కదా?"

శ్రీలతకు ఎడమ పక్కన కూర్చున్నాను. అలవాటు కొద్దీ తల ఊపాను, పైకీ కిందికీ. ఆమె అది చూసింది. చూసి మేనేజరు వైపు తిరిగింది.

"మేడం తల ఊపుతున్నది సార్. అది లెక్కల పట్టకున్రి. కాగితంల ఏం రాసిన్రో మొత్తం సదివి సెప్పున్రి. సమజ్ కాంది నేను అడుగుత. ఇష్టమో కాదో గప్పుడు సెప్త."

అతను ఆశ్చర్యపోయి నన్ను చూశాడు. నేను ఏ రకంగానూ తల కదిలించలేదు. నాలుగు పేజీలు చదివి చెప్పడానికి అరగంట పట్టింది. ఆమె ఏడు ప్రశ్నలు అడిగింది. ఆ తర్వాత నవ్వకుండా సంతకం పెట్టింది.

నేనెప్పుడూ నేర్పలేకపోయినదంతా ఆమెకు వచ్చేసింది. ఇంతకంటే ఏ టీచరైనా ఏం కోరుకుంటుందని సర్దిచెప్పుకుంటూ బయటికి వచ్చాను. ఆమె మెడలో వాళ్లు అప్పుడే ఇచ్చిన ఐడీ కార్డు ఉంది. ఫోటో తీస్తానన్నాను, వద్దంది. స్కూటీ స్టార్ట్ చేశాను. ఆమె వెనక ఎక్కి కూర్చుంది. భుజం మీద ఆ రెండు వేళ్ల కోసం కాసేపు కదలకుండా ఆగాను.

"పోనియ్యిండ్రి మేడం," అంది శ్రీలత. అద్దంలో చూశాను. రెండు చేతులతో సీటు వెనక కడ్డీ పట్టుకుని ఉంది.